అల్లుడు తెచ్చిన సీసా, అడుగున మడ్డి

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఫ్రాన్స్‌లో తులూజ్‌లో ఉంటారు. పోయినేడు సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రెడ్ వైన్ సీసాలు తెచ్చారు. షాపులో కొన్నవి కావు. వాళ్ల ఊరికి గంటన్నర దూరంలో కాహోర్ అనే టౌన్ ఉందట. దాని పక్క పల్లెలో భార్యాభర్తా, కొడుకూ కలిసి చూసుకునే చిన్న ద్రాక్షతోటకి వెళ్లి, వాళ్ల చేతిమీదుగా తీసుకున్నవి. మావారి రిటైర్మెంట్ రోజున ఒకటి తెరిచాం. మిరపకాయ బజ్జీలు చేశాను. ఒక్కరికీ నచ్చలేదు. వగరుకి నోరు పిడచకట్టుకుపోయింది. నిజం చెప్పొద్దూ, సగం సింకులో పోశాం. రెండోది హాల్లో షోకేసులో, మావారికి ఆఫీసువాళ్లిచ్చిన జ్ఞాపిక పక్కన నిలబెట్టాం. మొన్న దుమ్ము దులుపుతూ లైటుకి ఎత్తి చూస్తే అడుగున నల్లటి మడ్డి! "పాడైపోయింది వదినా, చిన్న తోటలవాళ్లకి ఫిల్టర్లూ గిల్టర్లూ ఎక్కడుంటాయి, పారబొయ్యి" అంటున్నాడు మా మరిది. వచ్చే నెల అల్లుడు వస్తున్నాడు. "ఆ వైన్ ఎలా ఉంది అత్తయ్యా" అని ఫోన్‌లో రెండుసార్లు అడిగితే "బావుంది బాబూ" అనేశాను. ఒకటే టెన్షన్‌గా ఉంది. సీసా ఫోటోలు పంపుతున్నాను.
— పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పారబొయ్యకండమ్మా. మీ మరిదిగారు చెప్పిందాంట్లో సగం నిజముంది. ఆ తోటవాళ్లు ఫిల్టర్ చేసి ఉండరు, చేసినా పైపైన చేసి ఉంటారు. చేతకాక మాత్రం కాదు. మరీ సన్నగా వడగడితే మడ్డితోపాటు రుచీ కొంత పోతుందని చిన్న తోటలవాళ్లు చాలామంది కావాలనే వదిలేస్తారు. దానికితోడు మీ సీసా లేబుల్ మీద 2016 అని ఉంది. అంటే ఆ ఏడాది కోసిన ద్రాక్ష. రెడ్ వైన్‌కి రంగు ఇచ్చే పదార్థమూ, వగరు ఇచ్చే టానిన్ అనే పదార్థమూ ఏళ్లు గడిచేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కి కిందికి దిగుతాయి. మీరు చూసిన మడ్డి అదే. గాజు పలుకుల్లా మెరిసేవి కూడా కనిపిస్తే భయపడొద్దు, అవి ద్రాక్షలోని పులుపు గట్టిపడి ఏర్పడ్డ స్ఫటికాలు. ఇంట్లో కాచిన నెయ్యి అడుగున గసి ఉందని ఎవరైనా కల్తీ అంటారా?

మీ మూడో ఫోటో నాకు బాగా నచ్చింది. సీసా మూతి చుట్టూ ఉన్న రేకు తొడుగు మీద, భుజాన పీపా మోస్తున్న మనిషి బొమ్మ చూశారా? అది ఫ్రాన్స్‌లో సొంత తోట, సొంత వైన్ ఉన్న రైతుల సంఘం గుర్తు. తమ ద్రాక్ష తామే పండించి, తామే వైన్ చేసి, తామే సీసాల్లో నింపి అమ్ముకునేవాళ్లకే అది పెట్టుకునే హక్కు. లేబుల్ అడుగున చిన్నక్షరాల్లో ఉన్న ఫ్రెంచ్ ముక్కకి కూడా "తోటలోనే సీసాలో నింపినది" అనే అర్థం. మీ అల్లుడు సరుకు తెలిసి కొన్నాడు.

ఇక ఆ వగరు. అది కాహోర్ వైన్‌కి పుట్టుకతో వచ్చింది. అక్కడి ద్రాక్ష పేరు మాల్బెక్. చిన్న గుండు, తొక్క మందం, రంగు దాదాపు నలుపు. కాహోర్ పేరు లేబుల్ మీద వేసుకోవాలంటే సీసాలో కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలని అక్కడి చట్టం. మిగతాది మెర్లో, టనా అనే రకాలు. ఆ ప్రాంతపు వైన్‌ని పాతకాలం నుంచీ "నల్ల వైన్" అనే పిలుస్తారు. లోత్ అనే నది పాములా మెలికలు తిరుగుతూ పోతుంది, తోటలన్నీ ఆ మెలికల్లోనే. ఒకప్పుడు ఆ నది మీద పడవల్లో పీపాలు బోర్దో రేవుకి చేరి, అక్కడి నుంచి ఇంగ్లండ్ దాకా వెళ్లేవి. తర్వాత 19వ శతాబ్దం చివర్లో వేరుపురుగు పడి తోటలు ఎండిపోయాయి. కోలుకుంటుండగా 1956 ఫిబ్రవరిలో భయంకరమైన చలి పడి తీగలు చాలావరకు చచ్చాయి. మళ్లీ నాటుకుని, 1971లో కాహోర్ పేరుకి సర్కారు గుర్తింపు తెచ్చుకున్నారు. ఆ పల్లెలో మీ అమ్మాయికి గ్లాసు అందించిన పెద్దాయన తండ్రో తాతో ఆ 1956 చలి చూసిన మనిషే అయ్యుండొచ్చు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగమనండి, చిన్న తోటకి వెళ్లినప్పుడు ఇలాంటివి అడిగితే వాళ్లు ఎంతసేపైనా చెబుతారు.

వగరు అనే మాట మన దగ్గరుండటం మన అదృష్టం. నేను సోమాజిగూడలో ఒక హోటల్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. గ్లాసులు కడగడంతో మొదలుపెట్టి బార్ కెప్టెన్‌గా దిగిపోయాను. ట్రైనింగ్‌కి వచ్చిన ఒక దొర టానిన్ అంటే ఏమిటో అరగంట చెప్పినా మా కుర్రాళ్ల బుర్రకెక్కలేదు. నేను లేచి "నేరేడుపండు తిన్నాక నాలుక ఎట్లుంటది?" అన్నాను. అందరికీ ఒక్కసారి అర్థమైంది. పచ్చి అరటికాయ, కరక్కాయ, డికాక్షన్ ముదిరిన టీ, అన్నిట్లోనూ ఉండేది అదే జాతి వగరు.

ఈ వగరుకి పడనిది కారం. మీరేమో బజ్జీలు పెట్టారు! కారం మండిన నాలుకకి వగరు రెట్టింపు తెలుస్తుంది, ఆల్కహాలు మరింత మండుతుంది. ఆ రోజు పోయింది వైన్ పరువు కాదు, జత కుదరలేదంతే. దీనికి కావలసింది కొవ్వు, మాంసం. టానిన్ వెళ్లి మాంసకృత్తులకి అతుక్కుంటుంది, మన నాలుకని వదిలేస్తుంది. కాహోర్‌లో దీన్ని బాతుమాంసంతో తాగుతారు. మీరు మటన్ వేపుడు చెయ్యండి. కొవ్వు ఉన్న ముక్కలు, కారం మామూలుగా వేసే దాంట్లో మూడో వంతు, మిరియాలు, కాస్త గరం మసాలా. గోంగూర మటన్ మాత్రం వద్దు, ఆ పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. మాంసం తినని వాళ్లుంటే నేతిలో వేయించిన పనీర్, జీడిపప్పు పెట్టండి.

నాకు భయమున్నది మడ్డి గురించి కాదు, మీ షోకేసు గురించి. పోయినేడు సంక్రాంతికి వచ్చిన సీసా అంటే మన ఎండాకాలం ఒకటి చూసేసింది. వైన్‌కి నచ్చేది 12, 14 డిగ్రీల చల్లదనం, చీకటి. మీ హాల్లో మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు. 2003 మే నెలలో మా హోటల్లో పన్నెండు సీసాల పెట్టె ఒకటి స్టోర్ నిండిపోయిందని కిచెన్ గోడ పక్కన పెట్టించాను. రెండు రోజులే కదా అనుకున్నాను, పదహారు రోజులు మర్చిపోయాను. తీసి చూస్తే నాలుగు సీసాల బిరడాలు రేకుని పైకి పొడుచుకుని వచ్చాయి, ఒకదాని మెడ చుట్టూ బంక. తెరిస్తే ఉడికించిన రేగుపళ్ల వాసన. ఆ డబ్బు నా జీతంలో మూడు నెలలు కోసుకున్నారు. మా ఆవిడ ఇప్పటికీ ఎవరింట్లో సీసా చూసినా "కిచెన్ పక్కన పెట్టకండి" అంటుంది.

కాబట్టి ముందు మీ సీసా మూతి చూడండి. రేకు ఉబ్బిందా? మెడ కింద కారిన చార ఉందా? వైన్ మట్టం మెడలోంచి భుజం దాకా దిగిందా? ఫోటోలో నాకు అలాంటివేవీ కనిపించలేదు, మట్టం మెడలోనే ఉంది. ఆశ పెట్టుకోవచ్చు. ఇవాళే షోకేసులోంచి తీసి ఫ్రిజ్‌లో కింది అరలో అడ్డంగా పడుకోబెట్టండి. పడుకోబెడితే బిరడా తడిగా ఉంటుంది. నెల రోజులకి ఫ్రిజ్ ఫరవాలేదు.

అల్లుడు వచ్చిన రోజు సీసాని నిటారుగా నిలబెట్టి అదే ఫ్రిజ్‌లో ఒక పూర్తి రోజు కదపకండి. మడ్డి అంతా అడుక్కి చేరాలి. భోజనానికి గంటన్నర ముందు తీసి బయట పెట్టండి, ఊపొద్దు. "రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి" అని చెప్పినవాళ్ల రూములు చలిదేశంలో రాతిగోడల రూములు. మనకి 16, 18 డిగ్రీలు అంటే చేతికి చల్లగా తగలాలి, గ్లాసుకి చెమట పట్టకూడదు. అరగంట గడిచాక రేకు కోసి, బిరడా నిదానంగా లాగండి. ఇన్నేళ్ల బిరడా, తొందరపడితే విరుగుతుంది. గాజు జగ్గు పక్కన పెట్టుకోండి. జగ్గు లేకపోతే స్టీలు చెంబు, తప్పేం లేదు, వైనరీల్లో పెద్ద పెద్ద ట్యాంకులన్నీ స్టీలువే. సీసా మెడ కింద సెల్‌ఫోన్ టార్చి వెలిగించి పెట్టి, ఆపకుండా సన్నని ధారగా వంచండి. మధ్యలో సీసాని నిలబెట్టి మళ్లీ వంచితే మడ్డి లేస్తుంది, ఒకే ఊపులో అయిపోవాలి. చివర్లో లైటు వెలుగులో సన్నటి నల్లటి గీత సీసా భుజం దగ్గరికి పాకుతూ వస్తుంది. అది మెడలోకి రాగానే ఆపెయ్యండి. సీసాలో రెండు మూడు గుక్కలు మిగిలిపోతాయి, పోనివ్వండి. మీ మరిదిగారికి ఇవ్వకండి పాపం.

జగ్గులో అరగంట గాలి తగిలితే వగరు కొంచెం మెత్తబడుతుంది. ఇదంతా మీరు చెయ్యక్కర్లేదు. అల్లుడి చేతికే సీసా ఇచ్చి, మొదటిది బజ్జీలతో తాగి పాడుచేసుకున్నాం బాబూ, దీన్ని నువ్వే తెరువు అనండి. అతనేమీ అనుకోడు. తోటలో ఆ పెద్దాయన తనకి ఏమి చెప్పి పోశాడో అప్పుడు మీకు చెప్పే సందు దొరుకుతుంది, మీ ఫోన్ మాటల్లో ఆ సందు మీరే మూసేశారు.

ఒకవేళ ఎండకి ఉడికిపోయి ఉంటే? తెరవగానే తెలిసిపోతుంది, జామ్ వాసన, రుచి చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు కొంచెం మటన్‌లో పోసి ఉడికించండి.

ప్రశ్న: రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకి మంచిదని మా వాకింగ్ గ్రూపులో అందరూ అంటున్నారు. మందులా మొదలుపెట్టమంటారా? నాకు 58 ఏళ్లు, ఇప్పటిదాకా అలవాటు లేదు.
— మల్కాజిగిరి

జవాబు: మొదలుపెట్టొద్దు. ఇన్నేళ్లు వైన్ పోసి బతికినవాణ్ని చెబుతున్నాను. ఫ్రెంచివాళ్లు కొవ్వు తిన్నా గుండెజబ్బులు తక్కువని, దానికి రెడ్ వైనే కారణమని 1990ల్లో ఒక ఊపు ఊపారు. ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థం పేరు చెప్పారు. అది లీటరు వైన్‌లో ఉండేది కొన్ని మిల్లీగ్రాములు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంత తాగితే ఆరోగ్యానికి ఢోకా లేదు అనే కొలత మద్యంలో ఏదీ లేదని చెప్పేసింది. వైన్ రుచి కోసం తాగేది, అదీ ఎప్పుడైనా. వాకింగ్ గ్రూపు వాకింగ్ వరకే మంచిది. మిగతాది మీ డాక్టర్ని అడగండి.

ప్రశ్న: మాది కీసర. మా తాతగారికి ఆరెకరాల ద్రాక్షతోట ఉండేది, అనాబ్-ఎ-షాహి పందిళ్లు. ఇప్పుడక్కడ ప్లాట్లు పడ్డాయి. ఇంత ద్రాక్ష పండిన హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్రాన్స్‌లోలా కుటుంబాలు వైన్ ఎందుకు చెయ్యలేదు? ఇప్పుడు ఇంటి ద్రాక్షతో రెడ్ వైన్ చేసుకోవచ్చా?
— కీసర

జవాబు: రెండో ప్రశ్నకి ముందు జవాబు: లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచెయ్యడం నేరం. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

మొదటి ప్రశ్న మాత్రం నన్ను రెండు రోజులు కూర్చోనివ్వలేదు. మేడ్చల్, శామీర్‌పేట, ఘట్‌కేసర్, కీసర రోడ్ల పక్కన ఆ పందిళ్లు నాకు కళ్లకు కట్టినట్టుంటాయి. చిన్నప్పుడు మా మేనమామ స్కూటర్ వెనక కూర్చుని వెళ్తుంటే రోడ్డుకి రెండువైపులా పచ్చటి కప్పు వేసినట్టుండేది. కింద నడిస్తే చల్లదనం, తలకి గుత్తులు తగిలేవి. అనాబ్-ఎ-షాహిని 19వ శతాబ్దం చివర్లో హైదరాబాద్‌కి తెచ్చి నాటించింది అబ్దుల్ బాకర్ ఖాన్ అని చెబుతారు. పేరుకి తగ్గ రాచద్రాక్షే: పొడుగు గుండు, తెలుపు కలిసిన ఆకుపచ్చ, లోపల గింజ, కొరికితే నోటినిండా రసం.

ఆ గొప్పతనమే వైన్‌కి పనికిరాదు. ద్రాక్ష ఏ రంగుదైనా లోపలి రసం దాదాపు నీళ్లలాగే ఉంటుంది (ఎర్ర గుజ్జు రకాలు ఒకటీ అరా ఉన్నాయనుకోండి). రెడ్ వైన్‌కి రంగూ, వగరూ వచ్చేది తొక్కలోంచి. అందుకే నల్లద్రాక్షని చితక్కొట్టి, తొక్కలతో సహా వారం, పదిరోజులు పులియనిస్తారు. అనాబ్-ఎ-షాహికి నల్లతొక్కా లేదు, తగినంత తీపీ లేదు. వైన్ ద్రాక్షలో తీపి, బ్రిక్స్ అనే కొలతలో, 22, 24 డిగ్రీల దాకా ఎక్కాలి, ఇది 15, 16 దగ్గర ఆగిపోతుంది. తీపే పులిసి ఆల్కహాలయ్యేది. పైగా వైన్ ద్రాక్ష తింటే మీకు నచ్చదు, చిటికెనవేలి గోరంత గుండు, నిండా గింజలు. ఒక్క సీసాకి కిలో పైచిలుకు అలాంటి పండు కావాలి. మీ తాతగారేమో ఎకరానికి టన్నులకు టన్నులు తీసి మొజంజాహీ మార్కెట్‌కి పంపితే డబ్బులొచ్చేవి. వైన్ చేసే తోటలో గుత్తులు తెంపి పారేసి మరీ దిగుబడి తగ్గిస్తారు. ఆ మాట చెబితే ఆయన కర్ర తీసుకునేవారు.

ఇంకో తేడా తీగ నిద్ర. కాహోర్‌లో చలికాలం ఆకంతా రాలి తీగ మొద్దులా నిద్రపోతుంది, సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోత. మన దగ్గర దానికి నిద్రే ఉండదు. అందుకే ఏటా రెండుసార్లు కత్తిరిస్తాం: వేసవిలో ఒకసారి, అది కొమ్మ కోసం, అక్టోబర్ ప్రాంతంలో మళ్లీ, అది కాయ కోసం. కోత ఎండలు ముదరకముందే ఫిబ్రవరి, మార్చిల్లో. వైన్ ద్రాక్షకి రాత్రులు చల్లగా ఉండాలి. నాసిక్‌కీ, బెంగళూరు పక్క నంది కొండలకీ ఆ చల్లదనం ఉంది కాబట్టే అక్కడ వైన్ నిలదొక్కుకుంది.

అలాగని మనవాళ్లు ఊరుకోలేదు. హైదరాబాద్‌లో మందుల కంపెనీ నడిపే కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఆయన భార్య ఉమా చిగురుపాటి కర్ణాటకలో కొప్పళ జిల్లాలో, హంపి కొండల వైపు, క్రస్మా అనే వైన్ తోట పెట్టుకున్నారు. ఇద్దరూ మారథాన్‌లు పరిగెత్తే మనుషులు. కృష్ణలో సగం, ఉమలో సగం కలిపితే ఆ పేరు. కబర్నే సావిన్యాఁ అనే నల్లద్రాక్షతో రెడ్ వైన్ చేస్తారు. తెలుగు కుటుంబం చేసిన రెడ్ వైన్ రుచి చూడాలని ఉంటే అది వెతకండి.

అయితే ఎక్కడ వెతకాలన్నది వేరే కథ. "వైన్స్" అని ఎర్రక్షరాల బోర్డున్న మన షాపులో వైన్ అడిగి చూడండి. కౌంటర్ కుర్రాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, స్టూలేసుకుని పై అరలోంచి దుమ్ము కొట్టుకుపోయిన ఒక సీసా దింపుతాడు. ట్యూబ్‌లైటు వేడిలో అది ఎన్నాళ్లనుంచి నిలబడి ఉందో! అలాంటి చోట కొనకండి. ఏసీ ఉన్న షాపులో, సీసాలు పడుకోబెట్టిన చోట కొనండి. తాతగారి ద్రాక్ష మీద బెంగగా ఉంటే కోతల రోజుల్లో రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రానికి వెళ్లిరండి, పందిళ్ల కింద రకరకాల గుత్తులు కనిపిస్తాయి.

ప్రశ్న: బిరడా లాగబోతే విరిగి సీసాలో పడిపోయింది. తాగొచ్చా? మిగిలింది ఎన్నాళ్లు దాచుకోవచ్చు?
— నల్లకుంట

జవాబు: నిక్షేపంగా తాగొచ్చు. అది ఓక్ జాతి చెట్టు బెరడు, విషం కాదు. టీ వడపోసే జాలీలో శుభ్రమైన పల్చటి గుడ్డ వేసి జగ్గులోకి వంచండి. వంచేటప్పుడు బిరడా ముక్క మూతికి అడ్డం పడుతుంది, ఒక చేత్తో చెంచా కాడ లోపలికి పెట్టి దాన్ని పక్కకి నొక్కి పట్టుకోవాలి. మా హోటల్లో దీనికి నేను కూరల్లో తిప్పే పొడుగాటి గరిటె కాడ వాడేవాణ్ని, అతిథులు చూడకుండా. మిగిలింది చిన్న సీసాలోకి, మూతిదాకా నిండేట్టు పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బావుంటుంది. ఆ తర్వాత పులుపు తిరుగుతుంది. జాలీ మాత్రం బాగా కడగండి, పొద్దున టీలో వైన్ వాసనొస్తే ఇంట్లో అడిగే ప్రశ్నలకి ఈ శీర్షికలో జవాబులుండవు.